పొడుగు చూసి పొంగొద్దు!

బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు పంజాబీ కుర్రాళ్లు.. చెన్నై తెలుగిళ్లకు ఓ పాఠం

పురసవాక్కం: కుర్రాడు పదో తరగతికి వచ్చేసరికి ఆరడుగులు దాటాడనుకోండి. ఇక ఆ ఇంటికి వచ్చే ప్రతి చుట్టానిదీ ఒకటే మాట. 'ఇంత పొడుగున్నాడు, బాస్కెట్‌బాల్‌లో చేర్పించకూడదూ?' గంగాధీశ్వరర్ కోవెల దగ్గర కనిపించినవాళ్లూ అదే అంటారు. వెళ్లాల వీధిలో ఎదురుపడినవాళ్లూ అదే అంటారు. కుర్రాడికి బంతి పట్టుకోవడం వచ్చా, పది నిమిషాలు పరుగెత్తగలడా అని మాత్రం ఎవరూ అడగరు. పొడుగే అర్హత, పొడుగే హామీ అన్నట్టు మాట్లాడేస్తారు.

ఇంట్లో వాదన అక్కడితో మొదలవుతుంది. 'బావా, వాణ్ని కోర్టుకు పంపు. రేపు అమెరికా వాళ్లు ఎగరేసుకుపోతారు' అంటాడు మేనమామ. 'పంపితే ప్లస్‌టూ ఎవరు రాస్తారు బావా?' అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరూ చూడనిది కూడా ఒకటుంది. ఆ దారిలో ఇప్పటికే నడిచి వెళ్లిన ఇద్దరు భారతీయ కుర్రాళ్ల కథ అది. ఒకరు సత్నామ్ సింగ్ భామరా. రెండోవాడు ప్రిన్స్‌పాల్ సింగ్. ఇద్దరూ పంజాబీలే. ఇద్దరూ లూథియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో పెరిగినవాళ్లే. ఇద్దరినీ 'ఎన్‌బీఏలో ఆడే తొలి భారతీయుడు' అవుతారని దేశం ఎదురుచూసింది. మరి ఎవరు మిన్న? ఎవరు ఎక్కడ ఆగారు? ఆ లెక్క తేలితే పురసవాక్కం మేనమామకూ తండ్రికీ మధ్య వాదన కూడా సగం తేలుతుంది.

వేలం కాదు.. వరుస!

ముందు డ్రాఫ్ట్ అంటే ఏమిటో తెలియాలి. చాలామంది దాన్ని ఐపీఎల్ వేలం లాంటిదనుకుంటారు. కాదు. ఐపీఎల్‌లో డబ్బున్నవాడు పాట పెంచి ఆటగాణ్ని దక్కించుకుంటాడు. ఎన్‌బీఏ డ్రాఫ్టులో పాట ఉండదు, వరుస ఉంటుంది. మొత్తం 30 జట్లు. రెండు విడతలు. కిందటి ఏడాది బాగా ఓడిన జట్లకు ముందు వరుసలో నిలబడే అవకాశం ఎక్కువ. వాటి మధ్య ఎవరు ముందో లాటరీ తీసి తేలుస్తారు. వంతు వచ్చినప్పుడు జట్టు ఒక పేరు చదువుతుంది. అంతే సంగతులు.

ఇందులో ఓ కిటుకు ఉంది. మొదటి విడతలో పేరొచ్చిన కుర్రాడికి జీతానికి భరోసా ఉంటుంది. రెండో విడతలో వచ్చినవాడికి ఆ భరోసా లేదు. పేరు చదివినంత మాత్రాన జట్టులో చోటిచ్చినట్టు కాదు. పెళ్లిచూపులకు పిలిచారంటే పెళ్లయిపోయిందనుకునే అమాయకత్వం ఇక్కడ పనికిరాదు.

బల్లోకే నుంచి బ్రూక్లిన్ దాకా..

సత్నామ్‌ది బర్నాలా జిల్లాలోని బల్లోకే గ్రామం. 1995 డిసెంబరు 10న పుట్టాడు. రైతు కుటుంబం. తండ్రి బల్బీర్ సింగ్ కూడా ఏడడుగులు దాటిన మనిషే. పదేళ్ల వయసులోనే కుర్రాణ్ని లూథియానా అకాడమీకి పంపారు. అక్కడ శిక్షణ ఇచ్చిన పెద్దాయన పేరు శంకరన్ సుబ్రమణియన్. పంజాబ్ బాస్కెట్‌బాల్‌ను నిలబెట్టిన కోచ్‌గా ఆయనకు దేశమంతా పేరు. ఇప్పుడు ఆయన లేరు.

2010లో ఐఎంజీ-రిలయన్స్ ఉపకార వేతనంతో ఎనిమిది మంది భారతీయ పిల్లలు అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లారు. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. వారిలో సత్నామ్ ఒకడు. అప్పటికి పద్నాలుగేళ్లు. ఇంగ్లీషు రాదు. తిండి కొత్త, ఊరు కొత్త, ఆట కూడా సగం కొత్తే. ఐదేళ్లు అక్కడే ఉన్నాడు. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు, 130 కిలోల దాకా బరువు. చేతులు మెత్తన, గురి మంచిది. కానీ అమెరికా కాలేజీ జట్టులో ఆడాలంటే చదువులో కొన్ని మెట్లు ఎక్కి ఉండాలి. అది కుదరలేదు. దాంతో కాలేజీ గడప తొక్కకుండానే నేరుగా డ్రాఫ్టుకు పేరిచ్చాడు.

2015 జూన్ 25. బ్రూక్లిన్‌లో డ్రాఫ్ట్. రెండో విడతలో 52వ పేరుగా డల్లాస్ మావెరిక్స్ జట్టు 'సత్నామ్ సింగ్' అని చదివించింది. భారతదేశంలో పుట్టిన ఆటగాణ్ని ఎన్‌బీఏ డ్రాఫ్టులో తీసుకోవడం అదే మొదటిసారి. దేశంలోని పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. మరుసటి ఏడాది అతని కథను డాక్యుమెంటరీగా కూడా తీశారు.

తర్వాత? డల్లాస్ వాళ్ల చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు గడిపాడు. ఎక్కువ సమయం బెంచీ మీదే. ఎన్‌బీఏ అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కెనడా లీగులో కొంతకాలం ఆడాడు, భారత జట్టుకు ఆడాడు. 2019 చివర్లో డోపింగ్ పరీక్షలో దొరికాడు. తప్పు చేయలేదని వాదించినా 2020 డిసెంబరులో రెండేళ్ల నిషేధం ఖరారైంది. ఆ తర్వాత అమెరికాలో వినోద కుస్తీ పోటీల సంస్థ ఏఈడబ్ల్యూలో చేరి, 2022లో బరిలోకి దిగాడు. బంతి వదిలి కుస్తీ పట్టాడు. బతుకు బాగానే ఉంది. బాస్కెట్‌బాల్ కథ మాత్రం అక్కడ ముగిసింది.

గురుదాస్‌పూర్ కుర్రాడు

ప్రిన్స్‌పాల్ గురుదాస్‌పూర్ జిల్లా కుర్రాడు. సత్నామ్ కంటే ఐదారేళ్లు చిన్న. ఎత్తు ఆరడుగుల పదంగుళాలు. లూథియానా అకాడమీ నుంచే వచ్చాడు. అయితే అతనికి సత్నామ్‌కు లేని ఒక మెట్టు దొరికింది. 2017లో ఢిల్లీ శివార్లలో ఎన్‌బీఏ వాళ్లు తమ సొంత అకాడమీ తెరిచారు. ప్రిన్స్‌పాల్ అందులో చేరాడు. అక్కణ్నుంచి ఆస్ట్రేలియా కాన్‌బెర్రాలోని ఎన్‌బీఏ గ్లోబల్ అకాడమీకి వెళ్లాడు. 2020 జులైలో జీ లీగ్ ఇగ్నైట్ అనే జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. కాలేజీకి వెళ్లకుండా నేరుగా డ్రాఫ్టుకు సిద్ధమయ్యే మెరికల కోసం ఎన్‌బీఏ పెట్టిన జట్టు అది. ఎన్‌బీఏ అకాడమీ ఇండియా నుంచి వృత్తి ఆటగాడిగా ఒప్పందం రాసుకున్న తొలివాడు ప్రిన్స్‌పాలే.

పక్కన ఆడినవాళ్లెవరో చూడండి. జేలెన్ గ్రీన్, జొనాథన్ కుమింగా. 2021 డ్రాఫ్టులో ఒకరిది రెండో స్థానం, మరొకరిది ఏడో స్థానం. అలాంటి వాళ్ల మధ్య ప్రిన్స్‌పాల్‌కు కోర్టులో దొరికిన సమయం చాలా తక్కువ. డ్రాఫ్టులో అతని పేరు వినిపించలేదు. అయినా 2021 ఆగస్టులో శాక్రమెంటో కింగ్స్ సమ్మర్ లీగ్ జట్టులో చోటు దక్కింది. ఆ జట్టు టైటిల్ గెలిచింది. ఏ స్థాయిలోనైనా ఎన్‌బీఏ టైటిల్ నెగ్గిన జట్టులో ఉన్న మొదటి భారతీయుడనే పేరు వచ్చింది. తర్వాత వాళ్ల చిన్న జట్టు స్టాక్‌టన్ కింగ్స్‌కు వెళ్లాడు. పెద్ద జట్టు తలుపు మాత్రం తెరుచుకోలేదు. అతన్ని తీసుకెళ్లిన ఇగ్నైట్ జట్టునే 2024లో మూసేశారు.

ఎవరు మిన్న?

టీ గ్లాసు చేతిలో పట్టుకుని వాదించుకునేవాళ్లు ఇక్కడే రెండు వర్గాలవుతారు. 'సత్నామే గొప్ప, డ్రాఫ్టులో పేరొచ్చింది కదా' అని ఒకరు. 'ప్రిన్స్‌పాలే మేలు, కాళ్లు చురుకు' అని ఇంకొకరు.

నిజం చెప్పుకోవాలంటే ఎత్తులో, బలంలో, వేలి మొనల మెత్తదనంలో సత్నామ్ ముందున్నాడు. బుట్ట కింద నిలబడితే అతన్ని కదపడం కష్టం. కదలికలో, పరుగులో, ఎగిరి బంతిని అడ్డుకోవడంలో ప్రిన్స్‌పాల్ మేలు. సత్నామ్ ఒకచోట పాతిన స్తంభం. ప్రిన్స్‌పాల్ కదిలే స్తంభం. 1995లో అయితే సత్నామ్‌కే ఎక్కువ మార్కులు పడేవి. 2015 తర్వాత ప్రిన్స్‌పాల్ లాంటి వాళ్లకే గిరాకీ. పుట్టిన ఏడాది కూడా జాతకంలో ఓ గ్రహమే మరి!

కానీ ఇద్దరికీ ఒకే చోట అడ్డు పడింది. బంతి చేతిలో ఉన్నప్పుడు ఏం చేయాలో కాక, బంతి చేతిలో లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎవరిని కాచుకోవాలి, తోటివాడు తప్పిపోతే ఎంత తొందరగా అందుకోవాలి.. ఈ తెలివి అకాడమీలో సాధనతో సగమే వస్తుంది. మిగతా సగం వందల మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. అమెరికా కుర్రాడు పద్దెనిమిదేళ్లకల్లా అన్ని మ్యాచ్‌లు ఆడేసి ఉంటాడు. మన కుర్రాడు అప్పటికి స్కూలు జోనల్స్, జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీలు కలిపినా వాటిలో చిన్న వాటా దాటడు. ఆ లోటును ఐదేళ్ల ఫ్లోరిడా గానీ, రెండేళ్ల కాన్‌బెర్రా గానీ పూడ్చలేకపోయాయి.

అదే రాత్రి.. అక్కడా ఇద్దరే

సత్నామ్ పేరు చదివిన ఆ రాత్రే, అదే వేదిక మీద మరో ఇద్దరు పొడుగు కుర్రాళ్ల సంగతీ తేలింది. కార్ల్ ఆంథోనీ టౌన్స్, జలీల్ ఒకాఫర్. ఆ ఏడాదంతా అమెరికాలో ఒకటే చర్చ. ఈ ఇద్దరిలో మొదటి స్థానం ఎవరిది? తమాషా ఏమిటంటే టౌన్స్ పుట్టింది 1995 నవంబరు 15న. ఒకాఫర్ అదే ఏడాది డిసెంబరు 15న. మధ్యలో డిసెంబరు 10న మన సత్నామ్. ముగ్గురూ ఒక్క నెల తేడాలో పుట్టినవాళ్లు!

కాలేజీ ఆటలో ఒకాఫర్‌దే పైచేయి. అతని డ్యూక్ జట్టు 2015లో జాతీయ ఛాంపియన్. బుట్టకు వీపు పెట్టి నిలబడి, భుజంతో నెట్టి, సున్నితంగా తిరిగి బంతి వేయడంలో ఆ వయసులో అంతటివాడు లేడన్నారు. టౌన్స్ కెంటకీ జట్టువాడు. అక్కడ పొడుగువాళ్లు చాలామంది ఉండటంతో సమయాన్ని పంచుకోవాల్సి వచ్చింది, పాయింట్లు తక్కువ. అయినా మిన్నెసోటా జట్టు మొదటి స్థానంలో టౌన్స్‌నే తీసుకుంది. ఒకాఫర్ మూడో స్థానంలో ఫిలడెల్ఫియాకు వెళ్లాడు.

మొదటి ఏడాది లెక్కలు చూస్తే పెద్ద తేడా కనిపించదు. టౌన్స్ మ్యాచ్‌కు సగటున 18.3 పాయింట్లు. ఒకాఫర్ 17.5. కానీ పాయింట్ల పట్టికలో కనిపించని తేడా ఒకటి ఉంది. టౌన్స్ దూరం నుంచి కూడా బంతి వేయగలడు, కదిలే ఆటగాణ్ని వెంబడించగలడు. ఒకాఫర్ బుట్ట కింద తప్ప మిగతా చోట్ల చిక్కుల్లో పడ్డాడు, కాపలా కాయడంలో వెనకబడ్డాడు. 2017 డిసెంబరుకల్లా ఫిలడెల్ఫియా అతన్ని వదిలించుకుంది. 2021 తర్వాత ఎన్‌బీఏకే దూరమయ్యాడు. 2025లో పది రోజుల ఒప్పందంతో ఒకసారి తొంగిచూశాడంతే. టౌన్స్ మాత్రం 2016లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2022 ఆల్‌స్టార్ వేడుకలో పొట్టివాళ్లను కాదని దూరం నుంచి బంతులు వేసే పోటీనే గెలిచాడు. ఏడడుగుల మనిషి!

ఈ ఇద్దరినీ మించిన విడ్డూరం మరొకటుంది. అంతకు ముందు ఏడాది, 2014 డ్రాఫ్టులో, 41వ స్థానంలో సెర్బియాకు చెందిన ఒక పొడుగు కుర్రాణ్ని డెన్వర్ తీసుకుంది. అతనూ 1995లో పుట్టినవాడే. పేరు నికోలా యోకిచ్. పెద్దగా ఎగరలేడు, వేగంగా పరుగెత్తలేడు. కానీ కోర్టులో పదిమంది ఎక్కడెక్కడ ఉన్నారో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. 2021, 2022, 2024లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 2023లో డెన్వర్‌కు టైటిల్ తెచ్చాడు. ముందు చదివిన 40 పేర్ల మధ్య అతని పేరు లేదు. నిపుణులు టేపు పెట్టి కొలిచింది ఒళ్లును. యోకిచ్‌కు ఉన్నది బుర్ర.

ఆటే మారిపోయింది

అసలు 2015 జూన్ నెలే ఆ ఆటకు ఓ మలుపు. డ్రాఫ్టుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జూన్ 16న గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు టైటిల్ గెలిచింది. ఫైనల్ సిరీస్‌లో వెనకబడి ఉన్నప్పుడు వాళ్ల కోచ్ ఏం చేశాడో తెలుసా? ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను మొదటి ఐదుగురిలోంచి తీసేసి, ఆరడుగుల ఆరంగుళాల ఆండ్రీ ఇగ్వొడాలాను దింపాడు. వేగంగా కదిలే జట్టుతో సిరీస్ నెగ్గాడు. ఇగ్వొడాలాకే ఉత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది.

అది చూసిన 30 జట్లకూ ఒక సంగతి అర్థమైంది. బుట్ట కింద నిలబడే మనిషి కంటే, బుట్టకు దూరంగా కూడా ఆడగలిగే మనిషి విలువైనవాడు. అంటే ఐదేళ్లు ఫ్లోరిడాలో సత్నామ్ నేర్చుకున్న విద్యకు, అతను పరీక్ష రాసే రోజుకు సిలబస్ మారిపోయింది! ప్లస్‌టూ చదివే పిల్లలున్న ఇళ్లకు ఈ బాధ వేరే చెప్పాలా?

తప్పు సత్నామ్‌ది కాదు. ఒకాఫర్‌దీ కాదు. పొడుగు కుర్రాడు కనిపించగానే 'నువ్వు అక్కడ నిలబడు చాలు' అని చెప్పిన పెద్దలది. చిన్నప్పుడు తోటివాళ్లకంటే జానెడు ఎత్తున్న పిల్లాడు నిలబడే గెలిచేస్తాడు. గెలుపు వస్తోంది కదా అని డ్రిబ్లింగ్ నేర్పరు, పాస్ నేర్పరు, దూరం నుంచి గురి నేర్పరు. పద్దెనిమిదేళ్లకు ఎదుటివాళ్లూ అంతే ఎత్తున్న చోటికి వెళ్తాడు. అక్కడ చేతిలో ఏమీ ఉండదు.

మోకాళ్లు మోయాలి కదా!

పొడుగుకు ఇంకో ధర ఉంది. 1984 డ్రాఫ్టులో ఇద్దరు పొడుగువాళ్లు మొదటి రెండు స్థానాలు పట్టుకుపోయారు. హకీమ్ ఒలాజువాన్ మొదటివాడు. శామ్ బోవీ రెండోవాడు. మూడో స్థానంలో వెళ్లినవాడు మైకేల్ జోర్డన్! ఒలాజువాన్ చరిత్ర సృష్టించాడు. బోవీ కాళ్ల ఎముకలు విరిగి విరిగి సగం రోజులు ఆసుపత్రుల్లో గడిపాడు. బోవీని తీసుకున్న పోర్ట్‌ల్యాండ్ జట్టే 2007లో గ్రెగ్ ఓడెన్ అనే మరో ఏడడుగుల కుర్రాణ్ని మొదటి స్థానంలో తీసుకుంది. మోకాలి శస్త్రచికిత్సతో మొదటి సీజనే పోయింది. మొత్తం మీద ఎన్‌బీఏలో 105 మ్యాచ్‌లతో అతని ఆట ముగిసింది. చైనా మహాకాయుడు యావో మింగ్ 2002లో మొదటి స్థానంలో వెళ్లి మెరిసినా, పాదాల గాయాలతో 2011లో ముప్పై ఏళ్లకే విరమించుకున్నాడు.

ఏడాదిలో నాలుగైదంగుళాలు పెరిగే పిల్లాడి ఎముకలు పెరిగినంత వేగంగా కండరాలు పెరగవు. మోకాలి కింద నొప్పి అన్నప్పుడు 'కొవ్వొత్తి నూనె రాసుకో, రేపు మ్యాచ్ ఉంది' అనడం పెద్దల తప్పు. సిమెంటు కోర్టు మీద రోజూ గంటల తరబడి ఎగిరించడం ఇంకా పెద్ద తప్పు. పురసవాక్కం చుట్టుపక్కల ఎముకల వైద్యులకు కొదవ లేదు. అడగాల్సింది ముందే.

డబ్బా మందులతో జాగ్రత్త

సత్నామ్ శాంపిల్‌లో దొరికింది హైజనమిన్ అనే పదార్థం. ఇది కొన్ని మొక్కల్లోనూ ఉంటుంది. ఒళ్లు పెంచుతామని అమ్మే పొడుల డబ్బాల్లోనూ కనిపిస్తుంటుంది. అది ఒంట్లోకి ఎలా చేరిందన్నది వేరే చర్చ. నిబంధన మాత్రం చాలా కఠినం. తెలిసి తిన్నావా, తెలియక తిన్నావా అని తర్వాత చూస్తారు. శాంపిల్‌లో ఉంటే బాధ్యత ఆటగాడిదే.

ఇప్పుడు వీధికో జిమ్ ఉంది. జిమ్‌కో డబ్బా ఉంది. 'ఇది తాగితే ఆరు నెలల్లో ఒళ్లొస్తుంది' అని ఎవరో చెబితే పదహారేళ్ల కుర్రాడు నమ్మేస్తాడు. వాడికి ఎవరు చెప్పాలి? ఇంట్లోవాళ్లే. డబ్బా మీద ఏం రాసుందో చదివి, క్రీడా వైద్యుణ్ని అడిగి, ఆ తర్వాతే నోట్లో పోయాలి. కోడిగుడ్డు, పప్పు, పాలు తిని ఏ ఆటగాడూ నిషేధానికి గురికాలేదు.

మెట్లు లేని మేడ

ఇద్దరి కథల్లోనూ కనిపించే అసలు లోపం మరోచోట ఉంది. లూథియానాకూ డల్లాస్‌కూ మధ్య మెట్లు లేవు. క్రికెట్ కుర్రాడికి రంజీ ఉంది, ఐపీఎల్ ఉంది. కబడ్డీ కుర్రాడికి 2014 నుంచి ప్రో కబడ్డీ ఉంది. బాస్కెట్‌బాల్‌కు 2015లో యూబీఏ లీగ్ అని వచ్చింది. చెన్నై స్లామ్ అని మన ఊరి పేరుతోనూ ఓ జట్టు ఆడింది. రెండు మూడేళ్లకే ఆ సందడి సద్దుమణిగింది. తర్వాత వచ్చిన లీగులు ఇంకా కాళ్లు నిలదొక్కుకునే దశలోనే ఉన్నాయి. మేడ మీదికి నిచ్చెన వేసి ఒక్కణ్ని ఎక్కించారు, పడిపోయాడు. ఇంకొకణ్ని ఎక్కించారు, సగంలో ఆగిపోయాడు. మెట్లు కట్టాలని ఎవరికీ తోచలేదు.

అలాగని డ్రాఫ్టు ఒక్కటే గమ్యం అనుకోవడమూ పొరపాటే. అమృత్‌సర్ జిల్లా రైతుబిడ్డ అమృత్‌పాల్ సింగ్ పందొమ్మిదేళ్లు వచ్చేదాకా బాస్కెట్‌బాల్ సరిగా చూడనే లేదు. అలాంటివాడు జపాన్‌లో ఆడాడు. 2017-18లో ఆస్ట్రేలియా లీగులో సిడ్నీ కింగ్స్‌కు ఆడాడు. ఎవరూ డ్రాఫ్టులో పేరు చదవలేదు. ఆట మాత్రం అన్నం పెట్టింది.

చెన్నైకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, చెన్నైలో దక్షిణ రైల్వే ఉద్యోగిని. ఆరడుగుల రెండంగుళాల సెంటర్. 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మూడు జట్లు ఆమెను పరీక్షకు పిలిచాయి. ఎంపిక కాలేదు. తిరిగొచ్చి ఆడింది, దేశానికి ఆడింది, 2014లో అర్జున పురస్కారం అందుకుంది. చేతిలో రైల్వే ఉద్యోగం ఉంది కాబట్టే 'పోతే పోయింది' అనుకుని వెనక్కి రాగలిగింది. దక్షిణ రైల్వే, ఐసీఎఫ్, ఇండియన్ బ్యాంక్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్.. చెన్నైలో బాస్కెట్‌బాల్ బతికింది ఈ సంస్థల జట్ల నీడలోనే. పొడుగు కుర్రాడి తండ్రి కలలు కనాల్సింది ముందు ఈ నీడ గురించి. ఎన్‌బీఏ సంగతి తర్వాత.

మనవాళ్లేరీ?

తెలుగువాళ్లు నలుగురు చేరితే చివరకు వచ్చే మాట ఇదే. 'పంజాబీలున్నారు, మలయాళీలున్నారు.. మనవాళ్లేరీ?'

ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో పురసవాక్కానికి కూతవేటు దూరంలో, పెరియమేడు నెహ్రూ ఇండోర్ స్టేడియంలో సీనియర్ జాతీయ పోటీలు జరిగాయి. మహిళల ఫైనల్లో రైల్వేస్‌ను ఎదుర్కొన్నది తెలంగాణ జట్టే. ఓడినా ఫైనల్ దాకా రావడం చిన్న సంగతి కాదు. అదే ఏడాది గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో తెలంగాణ అమ్మాయిలు స్వర్ణం కొట్టారు. చెన్నైలో ఇన్ని వేల తెలుగిళ్లున్నాయి. ఆ ఫైనల్ సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు?

ఆ పోటీల్లోనే పురుషుల ఫైనల్ మరో పాఠం చెప్పింది. ఒకవైపు పొడుగువాళ్ల పుట్టిల్లు పంజాబ్. మరోవైపు తమిళనాడు. గెలిచింది తమిళనాడు. 2018లో ఇదే చెన్నైలో జరిగిన జాతీయ పోటీల్లోనూ తమిళనాడు పురుషులే విజేతలు. అంగుళాల లెక్కతోనే ఆట తేలేదైతే ఆ కప్పులు ఇక్కడ ఉండేవి కావు. వేగం, పాస్, కలిసి ఆడే అలవాటు.. ఇవి కొలబద్దకు అందవు.

ఇక చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు ఎవరికి ఆడాలన్న సందేహం కొందరు పెద్దలకు. చదివేది ఇక్కడ, ఆడేది ఇక్కడ అయినప్పుడు తమిళనాడుకే ఆడతాడు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంట్లో తెలుగు, కోర్టులో తమిళం, జెర్సీ మీద ఊరి పేరు. సరిహద్దు రోడ్డు మీద ఉంటుంది గానీ బుట్టకు ఉండదు.

తండ్రిదీ, మేనమామదీ..

మళ్లీ బావల వాదన దగ్గరికి వద్దాం. మేనమామ చెప్పినట్టు కుర్రాణ్ని కోర్టుకు పంపాల్సిందే. ఎగరడం, పడటం, ఓడటం, తోటివాడికి బంతి ఇవ్వడం.. ఇవి ఏ ట్యూషన్‌లోనూ చెప్పరు. తండ్రి చెప్పినట్టు ప్లస్‌టూ రాయాల్సిందే. చదువు మెట్టు ఎక్కి ఉంటే సత్నామ్ ఏ కాలేజీలోనో నాలుగేళ్లు ఆడేవాడు, వంద మ్యాచ్‌ల అనుభవంతో డ్రాఫ్టుకు వెళ్లేవాడు. అతని చదువు ఆటకు అడ్డు రాలేదు. చదువు లేకపోవడమే అడ్డొచ్చింది. ఈ ఒక్క ముక్క చాలు, ఇద్దరూ చేతులు కలపడానికి.

కుర్రాణ్ని చేర్పించే ముందు కోచ్‌ను రెండు ప్రశ్నలడగాలి. 'మా వాడిని బుట్ట కింద నిలబెడతారా, బంతి తిప్పడం కూడా నేర్పుతారా?' ఇది మొదటిది. 'ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు?' ఇది రెండోది. ఎత్తు ఎంతని ఆయనే అడుగుతాడు, చెప్పనక్కర్లేదు.

కార్పొరేషన్ వాళ్లను అడగాల్సింది వేరే ఉంది. వీధి మైదానంలో ఉన్న బుట్టకు వల ఉండాలి, సాయంత్రం ఏడు దాటాక దీపం ఉండాలి. మేడకు మొదటి మెట్టు అదే. సంఘాలు, సభలు ఉగాదికి శాలువాలు కప్పే ఖర్చులో కొంత తగ్గించుకుని నలుగురు పిల్లలకు బూట్లు కొనిపెడితే ఆ పండుగకు ఇంకా కళ వస్తుంది.

సత్నామ్, ప్రిన్స్‌పాల్ ఓడిపోయినవాళ్లు కారు. దారి లేని చోట ముందు నడిచినవాళ్లు. వాళ్లలో ఎవరు మిన్న అని వాదించుకుంటూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది. మూడోవాడు ఎక్కడ పెరుగుతున్నాడో ఎవరికి తెలుసు? ఈ సాయంత్రం డౌటన్ బస్టాపులో పుస్తకాల సంచీతో నిలబడి, అందరికంటే ఓ తల పైకి కనిపిస్తున్న కుర్రాడే కావచ్చు. ఇంకో కొత్తమనిషి వచ్చి 'నీ ఎత్తెంత బాబూ?' అని అడిగేలోపు, ఎవరైనా 'నిన్న ఎన్ని బంతులు వేశావు?' అని అడిగితే బాగుండు.